లేపభాగి: మంత్రాన్ని దాటిపోయిన ఒక తాతగారి జాడ

పితృకర్మలో శాస్త్రం మన నుండి మూడు తరాల పేర్లను మాత్రమే అపేక్షిస్తుంది. తండ్రి, పితామహుడు, ప్రపితామహుడు. వారు వరుసగా వసు, రుద్ర, ఆదిత్య స్వరూపులు. వారికి పైన ఉన్న ముగ్గురికి పిండం లేదు, నామోచ్చారణ లేదు. పిండప్రదానం ముగించిన కర్త తన చేతికి అంటుకొని మిగిలిన అన్నాన్ని దర్భలకు తుడుస్తాడు. ఆ లేపమే వారి భాగం. అందుచేతనే వారికి లేపభాగులని పేరు. కర్తతో కలిపి ఏడవ పురుషుని వద్ద సాపిండ్యం నివర్తిస్తుంది.

గృహంలో ఒకరు గతించినప్పుడు ఈ వరుస ఒక మెట్టు జరుగుతుంది. సపిండీకరణం నాడు ప్రేతపిండాన్ని మూడు భాగాలు చేసి, గతించినవారి తండ్రి, తాత, ముత్తాతల పిండాలతో సంయోజనం చేస్తారు. సంవత్సరాంతంలో చేయవలసిన ఈ కర్మను నేడు మన ప్రాంతంలో పన్నెండవ నాడే నిర్వహించడం ఆచారమైనది. ఆ సంయోజనంతో గతించినవారు పితృపంక్తిలో ప్రవేశిస్తారు. ఒకరు లోనికి వచ్చినప్పుడు చివర ఉన్నవారు పంక్తిని విడిచి పైకి జరుగుతారు. అలా జరిగిపోయే వ్యక్తి కోసం ఎవరూ దుఃఖించరు. ఆయన ముఖం ఎరిగినవారు అప్పటికి భూమిపై ఉండరు.

శుభకృత్ సంవత్సర పుష్యమాసంలో మా తండ్రిగారు పరమపదించారు. పన్నెండవ నాడు పురోహితులు చెప్పించగా ఆయన ప్రపితామహుని నామాన్ని పలికాను. తండ్రి జీవించి ఉన్నవానికి పితృతర్పణాధికారం లేదు గనుక, అపరకర్మలో కర్తగా ఆయనను ఉద్దేశించి నేను పలకడం అదే ప్రథమం. ఆ కర్మతోనే ఆయన పంక్తిని దాటిపోయారు గనుక అదే అంతిమం.

ఇందులో ఒక విశేషం ఉన్నది. తాతపేరు మనుమనికి పెట్టే సంప్రదాయం వలన మా తాతగారి పేరూ, ఆయన తాతగారి పేరూ ఒక్కటే. కనుక ఆ నామం నా తర్పణంలో ఈనాటికీ వినిపిస్తూనే ఉన్నది. పితామహస్థానంలో దానిని నేను ప్రతి అమావాస్యకూ పలుకుతున్నాను. శబ్దం నిలిచినది, ఆ శబ్దానికి అర్థమై ఒకప్పుడు తిరిగిన మనిషి మాత్రం జారిపోయాడు. నామరూపాలు ఎంత సడలిన ముడులో వేదాంతశ్రవణంలో ఎన్నిమార్లో విన్నాను. ఆ మాట నాకు నువ్వులనీటిని విడిచే చేతిలో అర్థమైనది.

ఆయన ఎవరు? కవి కాడు, సోమయాజి కాడు, సంస్థానంలో సన్మానం పొందినవాడు కాడు. కోనసీమలో, పూర్వపు అమలాపురం తాలూకాలో, ఒక చిన్న అగ్రహారపు గృహస్థు. వంశగౌరవాన్ని పెంచుకొనేందుకు ఆయనలో ఏమీ లేదు. అయినా ఒకనాడు నా నోట పలికి, ఆ వెంటనే నేను సాగనంపిన వ్యక్తి ఎవరో తెలుసుకొనడం ధర్మమనిపించినది. ఆయన పేరును ఇక్కడ వ్రాయను. అది నీటికి మాత్రమే చెందినది.

సామాన్య గృహస్థుని జాడ తీయడం సులభం కాదు. కర్నల్ మెకంజీ కోసం ఏలూరు వాస్తవ్యులైన కావలి సోదరులూ వారి సహాయకులూ శ్రమించి సేకరించిన గ్రామ కైఫీయతులలో దేవాలయాలు, దానాలు, ప్రభువులు ప్రధానం; ఉదయం లేచి సంధ్య వార్చుకొని పొలానికి వెళ్ళిన మనిషికి అక్కడ చోటు అరుదు. జనగణనలు మనకు సంఖ్యలను మిగిల్చాయే గాని ఇంటింటి పత్రాలను మిగల్చలేదు. ఇక మిగిలినవి మూడు: భూమి లెక్క, అప్పు లెక్క, తీర్థపురోహితుని పుస్తకం. ఆ మూడింటిలోనూ ఆయన కనిపించారు.

మొదటిది భూమి. మద్రాసు రాజధానిలో 1858లో ఇనాం కమిషన్ ఏర్పడినది. దేవాలయాలకు, బ్రాహ్మణులకు, గ్రామసేవకులకు పూర్వప్రభువులు ఇచ్చిన ఇనాములన్నింటినీ విచారించి, హక్కు నిలిచినవారికి టైటిల్ డీడు ఇచ్చి, జోడి నిర్ణయించడం దాని పని. ఆ విచారణ ఫలితమే నేటికీ భూవివాదాలలో ప్రమాణంగా చూపే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. అందులో గ్రామం, విస్తీర్ణం, దాత, మొదటి గ్రహీత, ప్రస్తుత అనుభవదారుని పేరు, వయస్సు వరుసగా ఉంటాయి. మా అగ్రహారపు పుటలో, ఒక చిన్న వాటాకు ఎదురుగా ఆయన పేరు ఉన్నది. వయస్సు 22. తండ్రి అప్పటికే గతించి ఉండాలి, లేనియెడల పేరు తండ్రిది అయి ఉండేది.

ఆ ఒక్క అంకె నుండి ఆయన బాల్యం కొంత తెరుచుకొన్నది. 1860 దశకం తొలినాళ్ళలో ఇరువదిరెండేళ్ళవాడంటే 1840 ప్రాంతంలో పుట్టినవాడు. ఆయన పుట్టుకకు ముందు దశాబ్దం మన సీమకు కాళరాత్రి. 1832-33 నాటి నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన, నడుమ వరుస అనావృష్టులు. గౌతమి నిండుగా ప్రవహించి సముద్రంలో కలుస్తూనే ఉండేది, గట్టుకు ఇవతల పైరు ఎండుతూనే ఉండేది. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ఆనకట్ట పని మొదలై, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా 1852 నాటికి పూర్తయినది. అనగా నది మొదటిసారి కట్టుబడిననాడు ఆయన పన్నెండేళ్ళ వటువు. బొబ్బర్లంక తలలాకుల నుండి మధ్యడెల్టా కాలువలు పారి మెట్ట పల్లమైన కాలంలోనే ఆయన యువకుడైనాడు. స్నానసంకల్పంలో కాటన్ దొరను స్మరించేవారు మన ప్రాంతంలో ఉండేవారని పెద్దలు చెబుతారు. ఆ నీటిరాకను కన్నులారా చూచిన తరంలో మా తాతగారి తాతగారు ఒకరు.

అయితే ఆ పుట మరొకమారు చూచినప్పుడు ఒక సంగతి స్ఫురించినది. ఆయనను గురించి రాజ్యం అడిగిన ప్రశ్న ఒక్కటే: నీది ఏది? ఆయన ఏమి చదివాడో, ఏ దేవతను ఉపాసించాడో, ఎవరికి అన్నం పెట్టాడో ఆ రిజిస్టరులో గడి లేదు. అది స్వత్వానికి సంబంధించిన స్మృతి. 'ఇది నాది' అని ఒకడు చెప్పిన మాటకు ప్రభుత్వం వేసిన ముద్ర. ఆ భూమి కూడా నిలువలేదు. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చినది. అప్పటికే వాటాలు వాటాలై, కొన్ని అమ్ముడై, చివరి చెక్క మా తాతగారి కాలంలో చేతులు మారినది.

రెండవది ఋణం. మా ఇంటి భోషాణంలో ఒక కాగితం ఉన్నది. నాగుకు తెచ్చుకొన్న ధాన్యాన్ని పంటకు వడ్డీతో కొలుస్తానని ఒక షావుకారుకు వ్రాసి ఇచ్చి, చెల్లించిన పిదప వెనుకకు తీసుకొన్న పత్రం. తేదీ స్థానంలో ఉన్నది నందన సంవత్సరం, ఒక మాసం, ఒక తిథి, అంతే. ఇక్కడే మన వంశాన్వేషణలోని చిక్కు మొదలవుతుంది. అరువది సంవత్సరాలకు ఒకమారు నందన తిరిగి వస్తుంది. ఒక తరం విడిచి ఒక తరానికి అదే పేరు తిరిగి వస్తుంది. 1832 నాటి నందన అయితే ఈ కాగితం ఆయన తాతగారిది, కరువులో ఆకలి తీర్చుకొనేందుకు చేసిన అప్పు. 1892 నాటి నందన అయితే ఈయనది. రెండు చక్రాలు ఒకదానిపై ఒకటి తిరుగుతూ ఉంటే మనిషిని ఎక్కడ పట్టుకొనడం?

జవాబు కాగితంలోనే దొరికినది. ధాన్యం కొలిచిన చోటు 'కాలువ రేవు' అని వ్రాసి ఉన్నది. 1832లో మా ఊరికి కాలువ లేదు. కనుక ఇది 1892-93 నాటిది, వ్రాలు ఈయనదే. ఆ వ్రాలులో చివరి అక్షరపు తోక పంక్తి క్రిందుగా చాలా దూరం సాగి, వెనుకకు తిరిగి ఉంటుంది. ఆ తోకను నేను బాగా గుర్తుంచుకొన్నాను.

అటు పిమ్మట రిజిస్ట్రేషను కార్యాలయపు నకళ్ళను వెదికించాను. స్థిరాస్తి దస్తావేజులను యథాతథంగా ఎక్కించే ఒకటవ పుస్తకానికి రెండు సూచికలు ఉంటాయి. ఒకటి వ్యక్తుల పేర్లతో, ఒకటి ఆస్తి వివరాలతో. పేరు మాత్రమే తెలిసిన నావంటివానికి మొదటిదే గతి. నందన గడిచిన రెండేళ్ళకు ఆయన తన వాటాలో సగాన్ని తనఖా పెట్టారు. కారణం కన్యావివాహ నిమిత్తం, కుటుంబవ్యయ నిమిత్తం అని దస్తావేజులో ఉన్నది. తొమ్మిదేళ్ళ పిదప, 1903లో, ఆ తనఖాకు విడుదల పత్రం ఉన్నది. ఒక కుమార్తె పెళ్ళికి చేసిన అప్పును ఒక సామాన్య గృహస్థు తొమ్మిది పంటలతో తీర్చాడన్నమాట. భూమి రిజిస్టరు ఆయన దేనికి యజమానియో చెప్పినది, ఈ పుస్తకం ఆయన దేనికి బద్ధుడో చెప్పినది.

మూడవది గయ. తండ్రిగారి ప్రథమాబ్దికం ముగిసిన పిదప, శోభకృత్ సంవత్సర మాఘమాసంలో, అనగా 2024లో, గయాశ్రాద్ధానికి వెళ్ళాను. విష్ణుపాదం వద్ద గయావళీ పురోహితులు తమ యజమానుల వివరాలను ప్రాంతాల వారీగా పుస్తకాలలో తరతరాలుగా భద్రపరుస్తారు. జిల్లా ఏదని వారు అడిగారు. కోనసీమ అని చెబితే ఆ పేరుతో వారివద్ద పుస్తకం లేదు. తూర్పుగోదావరి అంటే మా తాతగారి తరంవారు కొందరు కనిపించారు. అంతకుముందువారు కావలెనంటే మరొక పేరు చెప్పాలి. మా అగ్రహారం ఉన్నచోటనే ఉన్నది, జిల్లాయే దాని మీదుగా నడిచి వెళ్ళినది. 1859 వరకు అది రాజమహేంద్రవరం జిల్లా, అటుపిమ్మట గోదావరి జిల్లా, 1925లో పశ్చిమగోదావరి విడివడిన తరువాత తూర్పుగోదావరి, 2022 నుండి కోనసీమ. 'గోదావరి జిల్లా' అని చెప్పగానే పురోహితులు లోపలికి వెళ్ళి, ఎఱ్ఱ గుడ్డలో చుట్టిన పొడవాటి పుస్తకం ఒకటి తెచ్చి విప్పారు.

దేవనాగరి పంక్తుల నడుమ నాలుగు పంక్తుల తెలుగు. గోత్రం, గ్రామం, తాను, తన తండ్రి, తాత, కుమారులు. శోభకృత్ మాఘ బహుళం, సపత్నీకముగా. క్రింద వ్రాలు. చివరి అక్షరపు తోక పంక్తి క్రిందుగా సాగి వెనుకకు తిరిగి ఉన్నది.

శోభకృత్ అంటే 1903-04. ఆయన గయకు వచ్చినది 1904 తొలినాళ్ళలో. నేను నిలుచున్నది కూడా శోభకృత్ మాఘంలోనే, సరిగా రెండు ఆవృత్తుల తరువాత. కాకతాళీయమే, అందులో మహిమను చూడను. నన్ను ఆపివేసినది మరొకటి. 1903లో తనఖా విడిపించుకొన్నారు, ఆ వెంటనే వచ్చిన మాఘంలో గయలో ఉన్నారు. పంతొమ్మిదవ శతాబ్ది చివరకు తూర్పుతీరపు రైలుమార్గం సిద్ధమై, కాలినడకన మాసాలు పట్టే యాత్ర దినాలకు కుదించుకుపోయినది. 1900లో రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై హేవ్‌లాక్ వంతెన కూడా తెరుచుకొన్నది. దారి అప్పటికే ఉన్నది. ఆయన దాని కోసం ఆగలేదు, అప్పు తీరడం కోసం ఆగినట్లున్నారు. మనుష్యులకు చెల్లించవలసినది చెల్లించి, ఆ తరువాతనే పితృదేవతలకు చెల్లించేందుకు బయలుదేరిన మనిషి అని నేను ఊహిస్తున్నాను. ఊహ అనే అంటున్నాను; రెండు తేదీల నడుమ ఉన్న మనస్సును ఏ పుస్తకమూ వ్రాయదు.

గయలో యాత్రికులు ఒక కాయను, ఒక పండును, ఒక ఆకును విడిచిపెట్టే ఆచారం పాఠకులకు విదితమే. ఇష్టమైనదానిని విడువవలెనని పెద్దల మాట. ఆ పురోహితుల పుస్తకంలో ఆయన ఏమి విడిచారో లేదు. త్యాగానికి అక్కడ కూడా గడి లేదు. కాని ఆ సాయంకాలం బసకు తిరిగి వచ్చిన పిదప చిన్ననాటి మాట ఒకటి జ్ఞాపకం వచ్చినది.

కోనసీమ కందకు ప్రసిద్ధి. మా చుట్టుప్రక్కల గృహాలలో ఆబ్దికమంటే కందకూర లేని వంట ఉండదు. మా ఇంట మాత్రం ఏ ఆబ్దికానికీ కంద వండరు. ఎందుకని ఒకమారు బామ్మను అడిగితే, "మా అత్తగారు వండలేదు నాయనా, వాళ్ళ అత్తగారూ వండలేదట. అందుకని నేనూ వండను" అన్నది. ఇంతకంటె కారణం ఆమెకు తెలియదు. తండ్రిగారికీ తెలియదు. ఆ సాయంకాలం నాకు తోచినది ఇది: వాళ్ళ అత్తగారంటే గయకు సపత్నీకముగా వచ్చిన ఆ ఇల్లాలే. ఆయన అక్షయవటం వద్ద విడిచినది కంద అయి ఉండాలి. ఆయనకు నచ్చినదీ అదే అయి ఉండాలి. ఆయన గతించిన తరువాత ఆయన ఆబ్దికంలో ఆయన విడిచినదానిని వడ్డించడానికి ఆమెకు మనసొప్పి ఉండదు. ఆమె కోడలు అత్తగారిని చూచి అనుసరించినది, ఆ కోడలి కోడలు మా బామ్మ.

ఆ ఇల్లాలి పేరు ఇనాం రిజిస్టరులో లేదు, తనఖా దస్తావేజులో లేదు. గయ పుస్తకంలో సైతం 'సపత్నీకముగా' అన్న సమాసంలో ఆమె లీనమైనది. కాని ఆయన వ్రతాన్ని నూటయిరువది సంవత్సరాలు మోసినది ఆమె, ఆమె తరువాతి ఇద్దరు కోడళ్ళు. పురుషులం మంత్రంలో మూడు తరాలు నిలుపుకొంటాం. వారు కారణం తెలియకయే ఒక త్యాగాన్ని అంతకంటె దూరం నిలిపారు.

ఇక్కడ సముద్రం దాటినవారిని స్మరించక తప్పదు. మా తాతగారి తాతగారు అగ్రహారంలో ఉన్న కాలంలోనే, ఇదే తీరం నుండి ఎందరో కోరంగి రేవులో ఓడలెక్కి మారిషస్ చెరకుతోటలకు పోయారు. అక్కడ తెలుగువారికి 'కోరంగీలు' అనే పేరు ఆ రేవు నుండి వచ్చినదే. వారు దిగిన పోర్ట్ లూయీ మెట్లు ఆప్రవాసీ ఘాట్ అనే పేరుతో 2006లో ప్రపంచవారసత్వ స్థలమైనవి. వలస కార్యాలయం వారికి ఒక్కొక్కరికి ఒక సంఖ్య ఇచ్చినది, 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఛాయాచిత్రాలు కూడా తీసినది. వారి సంతతికి తాత ముఖం, ఓడపేరు, సంఖ్య దొరుకుతాయి. చాలామందికి గోత్రం, తిథి దొరకవు. నాకు గోత్రం, తిథి ఉన్నవి, ముఖం లేదు. ఎవరి చేతిలోనూ మనిషి పూర్తిగా లేడు. అందుకే కాబోలు గోత్రం తెలియనివారికి కాశ్యపగోత్రం చెప్పుకొనమని పెద్దలు అనుమతించారు, బంధువులైనవారికీ కానివారికీ, సంతతి లేనివారికీ తర్పణంలో నీరు విడువమని విధించారు. శాస్త్రం పత్రాలను నమ్ముకొని కట్టుబడలేదు, విస్మృతి తప్పదని ఎరిగి కట్టుబడినది.

ఈ అన్వేషణలో నాకు లభించిన బోధ ఇంతే. రాజ్యపు పుస్తకాలు ఆయన 'నాది' అన్నదానిని వ్రాసి ఉంచాయి. ఆ భూమి పోయినది, ఆ అప్పు తీరినది, ఆ రెండు పుటలూ నేడు ఎవరికీ దేనినీ ఇవ్వవు. ఆయన 'నాది కాదు' అని విడిచినదానిని ఎవరూ వ్రాయలేదు. అదే మా వంటింటిలో నేటికీ జీవించి ఉన్నది. యజ్ఞంలో ప్రతి ఆహుతికీ 'న మమ' అనే మాటను చివర చేర్చడంలోని మర్మం నాకు ఇక్కడ కొంత తెలిసినది. మనం పట్టుకొన్నది మనతో ముగుస్తుంది, మనం విడిచినది మన తరువాతివారిని పట్టుకొంటుంది.

ద్వితీయాబ్దికానికి సామగ్రి వ్రాసేటప్పుడు మా కోడలు ఒక ప్రశ్న అడిగినది. "ఆయన మంత్రంలోనే లేరు కదా మామయ్యగారూ, ఇంకా కంద మానవలసిన విధి ఉన్నదా?" అని. న్యాయమైన ప్రశ్న. పురోహితులను అడిగితే, నియమం విడిచినవారిదే గాని సంతతిది కాదన్నారు. కనుక విధి లేదు. మానవలసిన అవసరం లేదని కోడలికి చెప్పి, నేను తెలుసుకొన్న కథనంతా చెప్పాను. నిర్ణయాన్ని ఆమెకే విడిచాను, ఇంతకాలం దానిని మోసినది ఆ స్థానంలోనివారే గనుక. ఆమె సామగ్రి పట్టికలో కంద వ్రాయలేదు. కారణం తెలిసి మానినవారిలో మా ఇంట ఆమెయే రెండవ ఇల్లాలు. మొదటి ఇల్లాలికీ ఆమెకూ నడుమ ఉన్నవారందరూ తెలియకయే మానారు.

గోదావరీ పుష్కరాలు 2027లో రానున్నవి. కోటిలింగాల రేవులోనో, పుష్కరఘాట్‌లోనో నీటిలో నిలిచి పేర్లు చెప్పవలసివచ్చినప్పుడు తడుముకొనేవారిని ప్రతి పుష్కరంలోనూ చూస్తున్నాము. ఇంటిలో పెద్దలు ఉండగానే వారిని అడిగి వ్రాసి పెట్టుకొనవలసినదిగా పాఠకమహాశయులకు మనవి. మూడు పేర్లు చాలునన్నది శాస్త్రం. నాలుగవ పేరు కూడా అడగండి. పితామహి, ప్రపితామహి పేర్లు, వారి పుట్టింటివారి పేర్లు అడగండి. సంవత్సరనామంతో పాటు ఆ నాటి ఏదైనా ఒక గుర్తును, కాలువనో వరదనో పెళ్ళినో, జోడించి వ్రాయండి. లేనిచో అరువదేళ్ళకు అది మరొకరిదై పోతుంది. అన్నింటికంటె ముఖ్యంగా, మీ ఇంటిలో కారణం తెలియకుండా మానినది ఏదైనా ఉన్నదేమో అడగండి.

ఆయన ఇప్పుడు లేపభాగి. పిండప్రదానం ముగిసిన తరువాత చేతికి అంటిన నాలుగు మెతుకులను దర్భలకు తుడిచే క్షణం ఆయనది. ఇదివరకు దానిని చేయి శుభ్రపరచుకొనడంగా భావించేవారు మనలో ఎందరో. ఆ మెతుకుల కోసం ఒకరు వేచి ఉంటారని ఎరిగి, కొంచెం నెమ్మదిగా తుడవడం మంచిది.

సర్వం పరమేశ్వరార్పణమస్తు.